తోపుడు బండికి తాళంచెవి

పల్నాటి సేవా చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగ్గ ఘట్టం ఈ గురువారం సాయంత్రం మా ఊరి కల్యాణ మండపం పై అంతస్తులో జరగబోతోందని పల్నాడు పరోపకార క్లబ్ అధ్యక్షులు సాయిబాబుగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఆ సమావేశానికి ఊళ్ళో ఉన్న విలేకరులంతా హాజరయ్యారు. అంటే నేను హాజరయ్యాను. సువర్ణాక్షరాలు అన్నది నా మాట. సాయిబాబుగారు పసుపు పెయింటు అన్నారు.

విషయం ఇది. ఒక పేద మహిళకు క్లబ్ తరఫున తోపుడు బండి ఉచితంగా అందజేస్తారు. వారం వారం జరిగే క్లబ్ సమావేశానికి ఆ రోజు ముఖ్య అతిథిగా ప్రముఖ పారిశ్రామికవేత్త నాగభూషణరావుగారు విచ్చేసి ప్రసంగిస్తారు. మిరపకాయ బజ్జీని గడ్డకట్టించి, ప్యాకెట్లో పెట్టి, ఓడ ఎక్కించి విదేశాలకు పంపుతున్న మహానుభావుడాయన. ప్రసంగం పేరు ‘తోపుడు బండి నుంచి టర్నోవర్ దాకా’.

సాయిబాబుగారి గురించి తెలియనివారుంటే వారి కోసం నాలుగు ముక్కలు. ఆయనది సిమెంటు, ఇనుము వ్యాపారం. ఆయన సేవ చేయని వారం లేదు, ఫొటో లేని సేవ లేదు. రాబోయే ఎన్నికల్లో మున్సిపల్ చైర్మన్ టికెట్ ఇస్తే కాదనకూడదని ఆయన ఎప్పుడో త్యాగబుద్ధితో నిర్ణయించుకున్నారు. ఇచ్చేవాళ్ళు ఇంకా నిర్ణయించుకోలేదు. నాగభూషణరావుగారు ఆ ఇచ్చేవాళ్ళకు బాగా దగ్గర. అందుకే ఆయన్ని పిలిచారని కిట్టనివాళ్ళు అంటారు. కిట్టనివాళ్ళు ఎన్నో అంటారు. ఈసారి నిజం అన్నారు, అంతే.

బండి దానం చేయాలన్న తీర్మానం అంతకుముందు వారమే జరిగింది. అప్పుడూ నేనున్నాను. క్లబ్ గౌరవ పి.ఆర్.ఓ.ని కూడా నేనే. విలేకరిగా ఒకటి, పి.ఆర్.ఓ.గా ఒకటి, నా వంతు రెండు ప్లేట్ల బజ్జీలు వస్తాయి.

బజ్జీల సంగతి చెప్పాలి. మా క్లబ్బులో బజ్జీ తినందే సేవ మొదలు కాదు. మండపం గేటు పక్కనే ముంతాజ్ అనే ఆమె మిరపకాయ బజ్జీల బండి ఉంది. ఆమె భర్త మౌలాలీ క్వారీలో రాయి ఎత్తుతూ నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. అప్పటినుంచి ఇంటిల్లిపాదికీ ఆ బండే దిక్కు. ఇవాళ అమ్మితేనే రేపటికి శనగపిండి, నూనె. ఆమె మిరపకాయను చీల్చి వాము కూరి, వేయించాక ఉల్లిపాయలు చల్లి, నిమ్మకాయ పిండి పైకి పంపుతుంది. అవి తిన్న తర్వాతే మా సభ్యులకు పేదల మీద జాలి కలుగుతుంది.

ఆ రోజు చర్చంతా ఒక్క అంశం మీదే నడిచింది. బండి మీద ఎవరెవరి పేర్లు రాయాలి? మా క్లబ్బులో సాయిబాబుగారు తప్ప మిగతావాళ్ళంతా మాజీ అధ్యక్షులే. ఏడాదికొకరు చొప్పున వంతులేసుకుని పదవి అనుభవించినవాళ్ళు. బండికున్న పలకలు కొన్నే, మాజీలు బోలెడుమంది.

“సీనియారిటీ ప్రకారం రాయాల,” అన్నారు అందరికన్నా పెద్ద మాజీ.

“అట్టా కుదరదు. ఎవరెంత చందా ఇచ్చారో దాన్నిబట్టి రాయాల,” అన్నారు ఎరువుల దుకాణం మాజీ.

“అక్షరాల సైజు సంగతేంది? నాది చిన్నగా వస్తే మా ఇంటోళ్ళు ఊరుకోరు.”

“చోటు చాలకపోతే చక్రాల మీద గూడా రాయొచ్చు గదా?”

“చక్రం తిరిగితే నా పేరు తలకిందులవుద్ది. నేనొప్పుకోను.”

చక్రాల మీద ఎవరి పేరూ రాయకూడదని అక్కడికక్కడే తీర్మానం చేశారు. చివరికి కార్యదర్శి జాషువాగారు లేచారు. ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. ఎంత చిక్కు ముడినైనా ఇంగ్లీషులో విప్పగలరు. ముందు పలక మీద అధ్యక్షులు, అతిథి. రెండు పక్కలా మాజీలు, అందరివీ ఒకే సైజు అక్షరాలు, అని ఆయన ఫార్ములా చెప్పగానే హాలంతా ఊపిరి పీల్చుకుంది.

తర్వాత పనులు పంచుకున్నారు. ఒకరు ఫ్లెక్సీ తీసుకున్నారు. ఒకరు శాలువా, ఒకరు మెమెంటో. పెయింటర్ కొండలుకు కబురు చేసే బాధ్యత ఒకరిది. థర్మోకోల్ తాళంచెవి ఎరువుల మాజీ తీసుకున్నారు. ఏది దానం చేసినా నిలువెత్తు తాళంచెవి ఇవ్వడం మా క్లబ్ ఆనవాయితీ. కళ్ళజోళ్ళు పంచినప్పుడూ ఇచ్చాం. తోపుడు బండికి తాళం ఉండదు కదా అని ఎవరూ అడగలేదు. ఆనవాయితీని అడక్కూడదు.

లబ్ధిదారు ఎంపిక నిష్పక్షపాతంగా జరిగింది. పార్టీ వార్డు ఇన్‌చార్జిగారి వదినగారు లక్ష్మీతిరుపతమ్మగారి పేరు సాయిబాబుగారు చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. పేద మహిళ అన్న నిబంధనలో రెండు షరతులున్నాయి. ఆవిడ అందులో ఒకటి సంపూర్ణంగా నెరవేరుస్తారు.

“ఇంకేమైనా పని మిగిలిందా?” అని జాషువాగారు అడిగారు. ఏదీ మిగల్లేదని సభ ఏకగ్రీవంగా తేల్చింది.

గురువారం వచ్చింది. అతిథిగారి కారు పెద్దది. గేటు పక్కన అది నిలవడానికి చోటు కావాలి, దాని వెనక ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ నిలవడానికి ఇంకా చోటు కావాలి. ఆ చోట్లో ముంతాజ్ బండి ఉంది. పొయ్యి, మూకుడు రాత్రిళ్ళు ఇంటికి తీసుకుపోతుంది గానీ బండి అక్కడే ఉంటుంది. పొద్దున్నే సాయిబాబుగారి కొట్లో మనుషులు దాన్ని ట్రాలీ ఆటోలోకెక్కించి సిమెంటు గోడౌన్లో పెట్టి వచ్చారు.

మధ్యాహ్నం ముంతాజ్ పొయ్యి, మూకుడు, పిండి గిన్నె రిక్షాలో వేసుకుని వచ్చేసరికి బండి స్థానంలో నాగభూషణరావుగారు ఫ్లెక్సీలోంచి నవ్వుతున్నారు. కింద ‘చిరు వ్యాపారుల చిరునవ్వే మా లక్ష్యం’ అని ఉంది. ఆ వాక్యం నాదే. ఏర్పాట్లు చూస్తున్న సాయిబాబుగారి దగ్గరికి ఆమె పరిగెత్తుకొచ్చింది.

“సాయిబాబన్నా, నా బండేదన్నా?”

“భద్రంగా ఉందమ్మాయ్. మా గోడౌన్లో పెట్టిచ్చా, ఎండ తగలకుండా.”

“ఎండకి బండికేం అవుద్దన్నా? నా బేరం పోద్ది గానీ. పిండి గూడా కలుపుకొచ్చా.”

“ఇదంతా చిరు వ్యాపారుల కోసమే గదా చేస్తంది! ఒక్క రోజు ఓర్చుకోలేవా?”

“నేను గూడా చిరు వ్యాపారినే గదన్నా.”

“ఛ, నువ్వు చిరు వ్యాపారివేంది? నువ్వు మనింటి మనిషివి.”

ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. ముంతాజ్‌ది ఎందుకో కరగలేదు. గేటు దగ్గరే గోడ నీడన పొయ్యి పక్కన పెట్టుకుని కూర్చుంది.

దానం ఇవ్వబోయే బండిని ముందుగా ఒక ఫొటో తీసుకుందామని మూడింటప్పుడు నేను గోడౌనుకు వెళ్ళాను. పెయింటర్ కొండలు ఆఖరి మాజీ పేరుకు కొమ్ము పెడుతున్నాడు. బండి నిగనిగలాడుతోంది. ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. చదువుతుంటే వార్డు ఓటర్ల జాబితా చదివినంత తృప్తిగా ఉంది. అంతలో ఒక మూల ఆకుపచ్చ రంగు కిందనుంచి పాత ఎర్ర అక్షరాలు తొంగిచూస్తూ కనబడ్డాయి. ‘ముంతాజ్ మిర’ అన్నంతవరకు చదవగలిగాను.

“ఒరేయ్ కొండలూ, ఇది గేటు దగ్గర బజ్జీల బండి కాదూ?”

“అవును సార్. ముంతాజక్క బండే. అప్పుడు దాని మీద రాసింది గూడా నేనే.”

“మరి దీని మీదెందుకు రాశావురా?”

“గోడౌన్లో బండి మీద పేర్లు రాయమన్నారు. గోడౌన్లో బండి ఇదొక్కటే ఉంది. ఇది అక్కది గదా అని గుమస్తాగారిని అడిగా సార్. నీకు రాయమని చెప్పారా, అడగమని చెప్పారా అన్నాడు.”

నేను సాయిబాబుగారికి ఫోన్ చేశాను. ఆయన ఒక్కొక్క మాజీనీ లైన్లోకి కలిపారు.

“ఫ్లెక్సీ ఎవరయ్యా?”

“నేనే, కట్టిచ్చా గూడా.”

“శాలువా?”

“నా చేతిలోనే ఉంది.”

“తాళంచెవి?”

“ఆటోలో వస్తంది. చానా పెద్దది, నిదానంగా తోలమన్నా.”

“బండి?”

అంతమంది మాజీ అధ్యక్షులు ఒకేసారి మౌనం పాటించడం, సంతాప సభల్లో కూడా నేను చూడలేదు. చివరికి జాషువాగారి గొంతు వినిపించింది.

“సార్, ఈ టైంలో కొత్త బండి ఎక్కడా దొరకదు. లెట్ అస్ బీ ప్రాక్టికల్. పేర్లున్న బండి ఎవరిది?”

“పేర్లున్నోళ్ళది,” అన్నారు సాయిబాబుగారు.

“దట్సాల్ సార్.”

సాయంత్రం అయిదుకు అందరం గేటు దగ్గర చేరాం. మా క్లబ్బులో ఫొటో ముందు, సభ తర్వాత. జిల్లా పేజీ తొందరగా మూసేస్తారు కాబట్టి వార్త నేను మధ్యాహ్నమే రాసి ఉంచుతాను. సభవారు దానికి తగ్గట్టు నడుచుకుంటారు. ఈ పద్ధతి వల్ల మా వార్తల్లో ఇంతవరకు ఒక్క తప్పు దొర్లలేదు. బంతిపూల దండలతో బండి ట్రాలీ ఆటోలోంచి దిగింది. ముంతాజ్ లేచి నిలబడింది. పేర్లను చూడలేదు, ముందు చక్రాన్ని చూసింది.

“ఇది నా బండి!”

“ఏమ్మా, దీని మీద నీ పేరుందా?” అని జాషువాగారు శాంతంగా అడిగారు.

“నా పేరు మీదనే మీ పేర్లు రాశారు గదా సార్.”

“అంటే లేదనే గదా అర్థం?”

“ఇదిగో ఈ చక్రం చూడండి. మా ఆయన పడిపోకముందు దగ్గరుండి వెల్డింగ్ పెట్టిచ్చింది. ఈ అతుకు నాకు తెలవదా?”

“చక్రాలు పరిగణనలోకి రావమ్మా. పోయిన వారమే తీర్మానించాం.”

సాయిబాబుగారు ఆమెను పక్కకు తీసుకెళ్ళారు. “గొడవ చెయ్యొద్దమ్మాయ్. అతిథి వచ్చే టైమైంది. నా జీవితంలో ఇది పెద్ద రోజు. సభ కానీ, తర్వాత చూద్దాం.”

“చూద్దాం అంటే ఇస్తారా, ఇవ్వరా?”

“వదినగారితో మాట్లాడాల గదా. ఆమె పేరు మీద శాంక్షనైంది.”

“నా బండి ఆమెకు శాంక్షన్ చేసేదేందన్నా? అది లేకపోతే మా ఇంట్లో పొయ్యి ఎట్టా ఎలగాల? మంచంలో ఉన్న మనిషికి ఏం పెట్టాల?” ఆమె వెనక్కి వచ్చి చక్రం పట్టుకుని నేల మీద కూర్చుంది. “ఇది యాడికి పోతే నేనూ ఆడికే.”

ఆమెను లేపడానికి టైం లేకపోయింది. తెల్లకారు వచ్చేసింది. నాగభూషణరావుగారు దిగారు. ఫ్లెక్సీలో కన్నా కొంచెం పొట్టిగా ఉన్నారు గానీ తేజస్సు అదే. ఇంకో కారులోంచి లక్ష్మీతిరుపతమ్మగారు దిగారు. పేదరాలిగా కనిపించాలని ఒక వరస గొలుసు ఇంటి దగ్గర తీసేసి వచ్చారట. ఆ నిబద్ధతకు నేను ముగ్ధుణ్ణయ్యాను.

అతిథిగారు బండిని చూసి పరవశించిపోయారు. ఊరికే నిలబడి ఫొటో దిగితే జీవం ఉండదని, అప్పటికప్పుడు బజ్జీ వేస్తూ లైవ్‌గా దిగాలని అన్నారు. కారులోంచి తమ కంపెనీ గడ్డకట్టిన బజ్జీల ప్యాకెట్ తెప్పించారు. పొయ్యి ఏది అంటే అందరూ ముంతాజ్ పక్కనున్న పొయ్యి వంక చూశారు. దాన్ని తీసి బండి మీద పెట్టి, నూనె కాచి, లక్ష్మీతిరుపతమ్మగారి చేతికి జల్లిగరిటె ఇవ్వబోయారు.

“అమ్మో, నూనె చిట్లుద్ది! పట్టుచీర పాడవుద్ది,” అంటూ ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేశారు. “మా ఇంట్లో ఇయ్యన్నీ వంటమనిషి చూసుకుంటది.”

సాయిబాబుగారికి దగ్గొచ్చింది. జాషువాగారికీ వచ్చింది. అతిథిగారు తామే ఒక బజ్జీని మూకుట్లో వదిలారు. మంచుగడ్డ నూనెలో పడి టపటపా పేలింది. మాజీ అధ్యక్షులు సీనియారిటీతో నిమిత్తం లేకుండా పరిగెత్తారు. బజ్జీ బయట బొగ్గులా, లోపల ఐసులా తేలింది. “ప్రొడక్టులో లోపం లేదు. ఇక్కడి నూనెకు ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అలవాటు లేదు,” అని అతిథిగారు వివరించారు.

“జరగండి సార్, చేతులు కాల్తయ్,” అంటూ ముంతాజ్ లేచింది. మంట తగ్గించి, మిరపకాయల్ని పిండిలో ముంచి ఒక్కొక్కటే జారవిడిచింది. వాసన రోడ్డు అవతలిదాకా పోయింది. పరిగెత్తిన మాజీలు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. అతిథిగారు ఒకటి తిన్నారు. కళ్ళు మూసుకుని ఇంకోటి తిన్నారు. ఆ తర్వాత ఆమెతోపాటు జల్లిగరిటె పట్టుకుని కెమెరా వైపు నవ్వారు. నేను నొక్కాను. ‘లబ్ధిదారు లక్ష్మీతిరుపతమ్మ ఆనందబాష్పాలు’ అని ముందే రాసి ఉంచిన వ్యాఖ్యతో ఫొటో పంపేశాను. మారిస్తే పేజీ అందదు.

పైన సభ మొదలైంది. గంట కొట్టారు, ప్రార్థన చదివారు, జాషువాగారు అతిథిని ఇంగ్లీషులో పరిచయం చేశారు. నాగభూషణరావుగారు మైకు అందుకున్నారు.

“మిత్రులారా, నేనూ తోపుడు బండితోనే మొదలుపెట్టాను. మా నాన్నగారు నా చేతికి ఇచ్చింది ఒక్క తోపుడు బండే. కోల్డ్ స్టోరేజీలు, రైసు మిల్లు, పెట్రోలు బంకు అన్నీ ఆయన దగ్గరే ఉంచుకున్నారు. ఆయన పోయిందాకా నేను చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాను. ఈనాటి యువతలో ఆ ఓపిక ఏది?”

హాలు దద్దరిల్లింది. కొండవీటి రెడ్డిరాజులు కోటను రాయి రాయి పేర్చి కట్టినట్టు తాను కంపెనీని బజ్జీ బజ్జీ పేర్చి కట్టానన్నారు. రిస్కు తీసుకోవాలన్నారు. స్థలం ముఖ్యం కాదు, సంకల్పం ముఖ్యం అన్నారు. కిటికీలోంచి చూస్తే ఆయన కారు ముంతాజ్ స్థలంలో సంకల్పంతో నిలబడి ఉంది.

“ఇక బండి ప్రదానం,” అని సాయిబాబుగారు ప్రకటించారు. నిలువెత్తు థర్మోకోల్ తాళంచెవిని ఇద్దరు మాజీలు మోసుకొచ్చారు. లక్ష్మీతిరుపతమ్మగారు కొంగు సర్దుకుంటూ వేదికెక్కారు.

“ఈమె ఎవరు?” అన్నారు అతిథిగారు. “నాతో కలిసి బజ్జీ వేసిన అమ్మాయి ఏది? నేనిస్తే ఆమెకే ఇస్తాను.”

వదినగారిని దింపితే వార్డు చేజారుతుంది. అతిథిగారిని కాదంటే టికెట్ చేజారుతుంది. సాయిబాబుగారి నుదుటి మీద చెమట నేను ఫొటో తీయలేదు, గౌరవం కొద్దీ. జాషువాగారు ఆవిడ చెవిలో ఏదో గొణిగారు.

“బండి నాకెందుకయ్యా?” అన్నారు లక్ష్మీతిరుపతమ్మగారు, మైకు ఆన్‌లో ఉందని తెలియక. “మా ఇంటి ముందర కారుకే చోటు లేదు. ఫొటో వస్తది గదా, చాలు.”

సమస్య విడిపోయింది. తాళంచెవి లక్ష్మీతిరుపతమ్మగారికి, బండి ముంతాజ్‌కు ఇవ్వాలని తీర్మానించారు. దానం చరిత్రలో తాళంచెవిని ఒకరికీ వస్తువును ఇంకొకరికీ ఇచ్చి ఇద్దరినీ సంతోషపెట్టిన క్లబ్ మరొకటి ఉండదు. ఆవిడ తాళంచెవిని కౌగిలించుకుని ఫొటో దిగారు. తర్వాత గేటు దగ్గరనుంచి ముంతాజ్‌ను పిలిపించారు. బండిని వదిలి రానంటే, బండి నీకే ఇస్తున్నారని చెప్పి తీసుకొచ్చారు. మా సభల్లో లబ్ధిదారు స్పందన తప్పనిసరి. మైకు ఆమె చేతికిచ్చారు.

ఆమె హాలు వంక చూసింది.

“పొద్దునదాకా ఇది నా బండే,” అంది. “ఇయ్యాల సార్లంతా కలిసి నా బండి నాకే ఇచ్చారు. మీ పేర్లు గూడా రాశారు. చానా సంతోషం. ఇంటికాడ మా ఆయన ఎదురుచూస్తుంటాడు. ఇంక నేను పోవచ్చా?”

అప్పుడు నాగభూషణరావుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“విన్నారా! ఇచ్చి గంట కాలేదు, అప్పుడే ‘నా బండి’ అంటోంది! సెన్స్ ఆఫ్ ఓనర్‌షిప్ అంటే ఇదీ! దీన్నే నేను మా సిబ్బందికి ఏళ్ళతరబడి నేర్పలేకపోతున్నాను.”

మాజీలందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది.

ఆ చప్పట్ల ఊపులోనే అతిథిగారు మళ్ళీ మైకు అందుకున్నారు. సాయిబాబుగారు చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. తమ గురించి నాలుగు మంచి మాటలు వచ్చే వేళ అది.

“మీ సేవ చూశాక నాకూ ఈ ఊరికి సేవ చేయాలనిపించింది. నిజానికి పార్టీ పెద్దలు కూడా అదే అంటున్నారు. నా ఓటు ఈ ఊరికి మార్పించుకున్నాను. రేపటి మున్సిపల్ చైర్మన్ అభ్యర్థిగా మీ ఆశీస్సులు కోరుతున్నాను. సాయిబాబుగారు నా కుడిభుజంగా ఉంటారు.”

చప్పట్లకని పైకెత్తిన సాయిబాబుగారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఫొటోలో అది నమస్కారంలా పడింది. వందన సమర్పణ చేయాల్సిన మాజీ ఎవరికి వందనం చేయాలో తేలక జాతీయగీతం అందుకున్నాడు.

మర్నాడు పేపర్లో ముంతాజ్ ఫొటో, లక్ష్మీతిరుపతమ్మగారి పేరు అందంగా వచ్చాయి. గేటు పక్కన ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది. అభ్యర్థిగారి ఫ్లెక్సీ తీసే ధైర్యం ఎవరికుంటుంది? ముంతాజ్ దాని కాళ్ళ దగ్గర మిగిలిన కాస్త చోట్లో బండిని ఇరికించుకుంది. పేర్లున్న ముందు పలకను గోడవైపు తిప్పుకుంది.

నాలుగు రోజుల తర్వాత సాయిబాబుగారు, నేను ఆమె దగ్గరికి వెళ్ళాం. సాయిబాబుగారు కొంచెం చిక్కారు గానీ కుడిభుజానికుండాల్సిన కండ పట్టుదలగా పెంచుకుంటున్నారు. మా వెనకే కొండలు రంగు డబ్బాతో వచ్చాడు.

“ముంతాజ్, నీకు ఇంకో మేలు జరగబోతంది,” అన్నారాయన. “ఈ పేర్లలో నాగభూషణరావుగారిది అందరికన్నా పెద్దగా ఉండాలంట. నాది కొంచెం తగ్గించి మళ్ళీ రాయిస్తన్నాం. మొన్న మనం ఇచ్చింది మంత్రిగారు చూళ్ళేదు గదా, ఆయన చేతుల మీదుగా బండి నీకు ఇంకోసారి ఇద్దామని అనుకున్నాం.”

ముంతాజ్ మూకుట్లో బజ్జీల్ని తిరగేసింది. రెండు ప్లేట్లు మా ముందు పెట్టింది. తర్వాత తలెత్తి, నాకు గుర్తున్నంతలో మొదటిసారి, క్లబ్ కార్యక్రమాల పట్ల ఆసక్తి చూపించింది.

“అన్నా, ఈసారి సాయం ఎప్పుడు చేస్తారో రోజు కచ్చితంగా చెప్పండి.”

“వచ్చే గురువారం. ఎందుకమ్మాయ్?”

“బుధవారమే బండిని ఆటోలో ఏసి అచ్చంపేట పంపిస్తా. ఆడ మా అక్క ఉంది. మీ సాయం అయిపోయినాక తెచ్చుకుంటా.”

సాయిబాబుగారు బజ్జీ నములుతూ నా వంక చూశారు. నేను ఆ సాయంత్రమే వార్త పంపాను. ‘పరోపకార క్లబ్ తదుపరి సేవా కార్యక్రమం ఎప్పుడని లబ్ధిదారులు ముందుగానే ఆరా తీస్తున్నారు.’

డెస్క్‌వాళ్ళు ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు.